సెలవు పెట్టని మనిషి

పోయిన సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు రాత్రి. పదకొండున్నర దాటింది. జమ్మలమడుగు నుంచి అక్క ఫోన్. మీ బావకు ఊపిరి అందడం లేదమ్మీ, అంబులెన్సు పిలిచినాం, పొద్దుటూరికే తెస్తాండాం, మీరు ఆస్పత్రి కాడ ఉండండి అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేసింది. నేనూ మా ఆయనా కట్టుబట్టలతో స్కూటరెక్కాం.

క్యాజువాలిటీలో బావను స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. బావ వెల్లకిలా పడుకుని ఏడాదైంది. మూడు దిండ్లు వెనకాల పెట్టుకుని కూర్చున్నట్టే నిద్రపోతారు. ఆ సంగతి చెప్పడానికి ఆయనకు నోట మాట లేదు. అక్కకు ఏడుపు తప్ప మాట రావడం లేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పక్షవాతం ఎప్పుడొచ్చిందని అడిగాడు. నర్సు బావ చెవి దగ్గరికి వంగి, చెవుడున్న వాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరిచి పేరు అడుగుతోంది. ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి బావ మగతలోకి జారుతుంటే పోనీలే, కాస్త నిద్ర పడుతోంది అనుకున్నాం. అది మంచి నిద్ర కాదని తర్వాత తెలిసింది. బెంగుళూరు కాగితాలున్న ఫైలేమో జమ్మలమడుగులో బీరువాలో భద్రంగా ఉంది!

ఇంతలో పెద్ద డాక్టరు వచ్చారు. జబ్బు పేరు చెప్పగానే తల వైపు ఎత్తు పెట్టించి, ముక్కూ నోరూ మూసేలా మాస్కు తగిలించి, గాలిని లోపలికి నెట్టే మిషను పెట్టించారు. ఆ తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడిగారు. దీంతో కుదుటపడకపోతే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలి, ఈ జబ్బులో ఒకసారి పెడితే మళ్లీ తీయడం కుదరకపోవచ్చు, పేషెంటు అభిప్రాయం ఏమిటి అని.

నేనూ, అక్కా, అక్క కొడుకూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. అభిప్రాయమా? మేం బావకు జబ్బు పేరే చెప్పలేదే!

బావ పులివెందుల హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. సెలవు పెట్టని మనిషి అని ఆ ఊళ్లో పేరు. మూడేళ్ల కిందట కుడిచేతి వేళ్లలో పట్టు తప్పింది. విజిల్ తాడు ముడి వేసుకోలేకపోయారు. తర్వాత కాలు ఈడ్వడం, ఆ తర్వాత మాట ముద్దగా రావడం. మెడ నరం అన్నారు, షుగరన్నారు. చివరికి బెంగుళూరులో నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏ.ఎల్.ఎస్. అని తేల్చారు. మేమంతా కూడబలుక్కుని బావతో మాత్రం నరాల బలహీనత అని చెప్పాం. మనసు కుంగిపోతారని మా భయం.

ఆ రాత్రి దేవుడి దయ వల్ల మాస్కుతోనే గండం గడిచింది. తెల్లవారాక బావ కళ్లు తెరిచి మంచం పక్కనున్న అట్ట వైపు చూశారు. అక్క కొడుకు గీసిన అక్షరాల అట్ట అది. మనం ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోతే, కావలసిన దాని దగ్గర ఆయన కళ్లు పైకెత్తుతారు. పది నిమిషాలు పట్టింది ఒక మాటకి. వచ్చిన మాట గెరిగ్. మాకెవరికీ అర్థం కాలేదు.

ఇంటికెళ్లాక అక్క పాత ట్రంకుపెట్టె తీసింది. వాన పడి గ్రౌండు తడిసిన రోజుల్లో (మా సీమలో అవి ఎన్నని!) పిల్లలకు క్లాసులో చెప్పడానికి బావ రాసుకున్న ఆటగాళ్ల కథల నోటుపుస్తకం అందులో ఉంది. ఒక పేజీ పైన లూ గెరిగ్ అని పేరు. కింద ఆయన చేతిరాతతోనే, ఆ ఆటగాడికి వచ్చిన జబ్బు పేరు ఏ.ఎల్.ఎస్. అని. బెంగుళూరు రైల్లో ఆ ఫైలు బావ ఒళ్లోనే ఉంది. ఆయనకు మొదటి రోజు నుంచీ అంతా తెలుసు.

ఆ లూ గెరిగ్ ఎవరో తెలుసుకోవాలని దొరికినవన్నీ చదివాను. ఆయన కథ ఎంతో, ఆయన భార్య ఎలినార్ కథ కూడా అంతే. మన పేజీ చదివే అక్కచెల్లెళ్లకు చెప్పాలనిపించింది.

ఇళ్లల్లో పనిచేసి పెంచిన తల్లి

లూ గెరిగ్ 1903 జూన్ 19న న్యూయార్క్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మనీ నుంచి బతకడానికి వలస వచ్చినవాళ్లు. నలుగురు బిడ్డల్లో దక్కింది ఇతనొక్కడే. తండ్రి హైన్‌రిష్ రేకు పని చేసేవాడు, ఒంట్లో బాగోక తరచూ పని ఉండేది కాదు. సంసారం లాగింది తల్లి క్రిస్టీనా. ఒకళ్లింట్లో వంట, ఇంకొకళ్లింట్లో బట్టలు ఉతకడం. కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థుల వసతి గృహంలో ఆమె వంటా పనీ చేసింది. తర్వాత కొడుకు అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఇంజనీరు చెయ్యాలని ఆ తల్లి కల.

కానీ కుర్రాడి చేతుల్లో ఉన్నది బేస్‌బాల్ బ్యాటు. మన క్రికెట్‌కు దాయాది లాంటి ఆట అనుకోండి. 1923లో ఇంట్లో జబ్బులు, అప్పులు. న్యూయార్క్ యాంకీస్ జట్టు డబ్బిస్తానంటే చదువు మానేసి సంతకం పెట్టాడు.

1925 జూన్ 1న అతని వరస మ్యాచ్‌లు మొదలయ్యాయి. మర్నాడు మొదటి బేస్ దగ్గర వాలీ పిప్ అనే ఆటగాడి స్థానంలో నిలబడ్డాడు. ఆ నిలబడటం నిలబడటమే. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, వేళ్లు విరిగినా ఒక్క మ్యాచ్ వదలకుండా 14 ఏళ్ల పాటు 2,130 మ్యాచ్‌లు వరసగా ఆడాడు. ఇనుప గుర్రం అని జనం ముద్దుగా పిలుచుకున్నారు. ఆ రికార్డును మరొకరు దాటడానికి 1995 దాకా పట్టింది. 1934లో బ్యాటింగ్‌లోని మూడు ముఖ్యమైన లెక్కల్లోనూ అతనే మొదటివాడు.

అత్తా కోడళ్లు

అంత పేరొచ్చినా లూ అమ్మ కొంగు వదల్లేదు. ముప్పయ్యో ఏడు దాకా తల్లిదండ్రులతోనే ఉన్నాడు. అతనికి నచ్చిన అమ్మాయిలెవరూ తల్లికి నచ్చేవాళ్లు కాదు. చదువుతుంటే మన ఇళ్లే గుర్తొచ్చాయి నాకు!

ఎలినార్ షికాగో పిల్ల. 1904లో పుట్టింది. ఇంట్లో ఒకప్పుడు డబ్బు దండిగా ఉండి, తర్వాత పోయింది. నలుగురిలో కలిసే మనిషి, నవ్వించే మనిషి. లూ ఏమో సిగ్గరి. ఇద్దరికీ కుదిరింది. అత్తగారికి మాత్రం కుదరలేదు. పెళ్లి నాడు ఏ గొడవ జరుగుతుందో అన్న భయంతో, 1933 సెప్టెంబరు 29న తాము కాపురం పెట్టబోయే ఇంట్లోనే, పనివాళ్లు ఇంకా అటూ ఇటూ తిరుగుతుండగా, ఆ ఊరి మేయర్‌ను పిలిపించి పెళ్లి చేసుకున్నారు. పెళ్లి కాగానే పెళ్లికొడుకు ఎక్కడికి వెళ్లాడనుకున్నారు? మ్యాచ్ ఆడటానికి!

వాళ్లకు పిల్లలు లేరు. సంగీతమూ నాటకాలూ పుస్తకాలూ అతనికి పరిచయం చేసింది ఎలినారే.

పుట్టినరోజు నాడు తెలిసిన జబ్బు

1938లో ఆట కొంచెం తగ్గింది. వయసు అనుకున్నారు. 1939 వసంతంలో ప్రాక్టీసు చేస్తుంటే కాళ్లు మడతపడుతున్నాయి. బంతికి బ్యాటు తగిలినా దెబ్బలో బలం లేదు. ఆ ఏడాది మొదటి 8 మ్యాచ్‌లలో 28 సార్లు బ్యాటు పట్టి నాలుగే నాలుగు సరైన దెబ్బలు కొట్టాడు. ఏప్రిల్ 30న ఒక మామూలు బంతిని అందుకుంటే తోటివాళ్లు శభాష్ అన్నారు. చిన్నపిల్లాడు నడిస్తే చప్పట్లు కొట్టినట్టు తనను మెచ్చుకుంటున్నారని అతనికి అర్థమైపోయింది. మే 2న డెట్రాయిట్‌లో మేనేజరు దగ్గరికి వెళ్లి, జట్టు మేలు కోసం తనను పక్కన పెట్టమని తానే అడిగాడు. పధ్నాలుగేళ్లలో అదే మొదటి సెలవు.

ఇంట్లో చెంచాలు జారిపడటం, గుమ్మాల దగ్గర తూలడం ఎలినార్ అప్పటికే గమనిస్తోంది. ఏదో పెద్ద జబ్బే అని భయపడి, మినసోటాలోని మేయో క్లినిక్‌కు తానే ఫోన్ చేసింది. అక్కడ వారం రోజులు పరీక్షలు చేసి జూన్ 19న చెప్పారు. అది అతని 36వ పుట్టినరోజు.

ఆ జబ్బే ఏ.ఎల్.ఎస్. దీన్ని 1869లోనే ఫ్రాన్సులో షార్కో అనే డాక్టరు వివరించాడు. మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ కండరాలకు కదలమని కబురు మోసే నరాల కణాలు ఒక్కొక్కటే చనిపోతాయి. కబురందని కండరం ఎండిపోతుంది. చేతులు, కాళ్లు, నాలుక, చివరికి ఊపిరి తీసే కండరాలు. చూపూ, వినికిడీ, స్పర్శా అలాగే ఉంటాయి. చాలామందిలో బుద్ధి కూడా చెక్కుచెదరదు. అంటుజబ్బు కాదు. నూటికి తొంభై మందికి వంశపారంపర్యం కూడా కాదు. మొదటి లక్షణం కనిపించాక ఎక్కువమంది రెండు నుంచి అయిదేళ్లు బతుకుతారు. పదేళ్లు దాటినవాళ్లూ ఉన్నారు. 1995లో అమెరికాలో అనుమతి వచ్చిన రిలుజోల్ అనే మాత్ర కొన్ని నెలలు పొడిగిస్తుంది. పూర్తిగా నయం చేసే మందు ఈనాటికీ లేదు. లూకు ఆ మాత్ర కూడా లేదు. విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు, అవి పనిచేయలేదు.

1939 జూలై 4న యాంకీ స్టేడియంలో 61 వేల మందికి పైగా జనం ముందు అతనికి వీడ్కోలు జరిగింది. బహుమతులు చేతిలో పెడుతుంటే బరువు మొయ్యలేక వెంటనే కింద పెట్టేస్తున్నాడు. జబ్బు సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, జీవితం తనకు ఏమేమిచ్చిందో లెక్క చెప్పాడు. తోటి ఆటగాళ్లు, కష్టపడి చదివించిన అమ్మానాన్నలు, కొండంత అండగా నిలిచిన భార్య. కూతురితో పేచీ వస్తే అల్లుడి పక్షానే మాట్లాడే అత్తగారికి కూడా కృతజ్ఞత చెప్పాడు! తనను మించిన అదృష్టవంతుడు లేడన్నట్టు మాట్లాడాడు ఆ మనిషి. అతను వేసుకున్న 4 నంబరు చొక్కా మరెవరికీ ఇవ్వకూడదని జట్టు తీర్మానించింది. ఆ ఆటలో ఒక నంబరును అలా గౌరవించడం అదే మొదలు.

ఇద్దరూ దాచుకున్న నిజం

అంతకంటే నన్ను కదిలించింది తర్వాతి రెండేళ్లు.

జబ్బు ఎలా ముగుస్తుందో డాక్టర్లు ఎలినార్‌కు పూర్తిగా చెప్పారు. భర్తకు మాత్రం ఆశ మిగిలేలా చెప్పమని ఆమె వాళ్లను కోరింది. ఇప్పుడున్నట్టే నిలిచిపోయే అవకాశం సగానికి సగం ఉందని లూ అనుకున్నాడు, లేదా అనుకున్నట్టు కనిపించాడు. కాలం గడిచిన కొద్దీ అతను మేయో డాక్టరుకు రాసిన ఉత్తరాల్లో అనుమానాలు పెరుగుతాయి. నిజం చెప్పమని అడగడం కనిపిస్తుంది. ఆమె అతని కోసం నవ్వింది. అతను ఆమె కోసం నవ్వాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే నిజాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు.

ఖాళీగా కూర్చోవడం లూకు ఇష్టం లేదు. న్యూయార్క్ మేయర్ లా గార్డియా పిలిచి పెరోల్ కమిషనర్ ఉద్యోగం ఇచ్చాడు. జైలు నుంచి ఎవరిని ముందుగా వదలొచ్చో తేల్చే పని. 1940 జనవరిలో చేరాడు. ఎలినార్ వెంట ఉండేది. కాగితాల మీద సంతకం పెట్టాలంటే అతని చేతిని తన చేత్తో పట్టుకుని కదిలించేది. తీర్పు అతనిది, బలం ఆమెది. చనిపోవడానికి నెల ముందు దాకా ఆ పని చేశాడు.

ఇంటికి రోజూ స్నేహితులను పిలిచి, నవ్వులూ పాటలతో నింపేది. పరామర్శకు వచ్చి ఏడ్చేవాళ్లను రానిచ్చేది కాదు. 1941 జూన్ 2 రాత్రి లూ ఇంట్లోనే కన్నుమూశాడు. వాలీ పిప్ స్థానంలో నిలబడిన రోజుకు సరిగ్గా పదహారేళ్లు. 38వ పుట్టినరోజు ఇంకా పదిహేడు రోజులుంది. మరుసటి ఏడాదే అతని జీవితం మీద సినిమా వచ్చింది. ఆ జబ్బును అమెరికాలో ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. ఎలినార్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ జబ్బు మీద పరిశోధన జరగాలని పాటుపడుతూ, 1984లో తన ఎనభయ్యో పుట్టినరోజు నాడు వెళ్లిపోయింది.

జెనీవాలో జేన్

లూ కాలంలో క్యాజువాలిటీలో మాస్కు మిషన్లు లేవు, కాబట్టి మాకెదురైన ప్రశ్న ఎలినార్‌కు ఎదురు కాలేదు. అది ఎదురైంది జేన్ అనే మరో ఇల్లాలికి. ఆమె భర్త స్టీఫెన్ హాకింగ్, అందరికీ తెలిసిన శాస్త్రవేత్త. 1963లో, 21 ఏళ్ల వయసులోనే ఆయనకు ఈ జబ్బు బయటపడింది. 1985లో జెనీవా వెళ్లినప్పుడు న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. జేన్ పరుగున చేరుకుంది. మిషను ఆపేయమంటారా అని డాక్టర్లు అడిగితే ఆమె ఒప్పుకోలేదు. విమానంలో ఇంగ్లండు తీసుకెళ్లి గొంతుకు రంధ్రం వేయించింది. మాట పూర్తిగా పోయింది. మనిషి మిగిలాడు. ఆ తర్వాత ఆయన పూర్తి చేసిన పుస్తకం 1988లో వచ్చి ప్రపంచమంతా చదివింది. 2018 దాకా బతికారు.

అందరికీ అలా జరుగుతుందని కాదు, ఆయనది అరుదైన సంగతి. ఎలినార్ కథలోనూ జేన్ కథలోనూ నాకు కనిపించింది ఒక్కటే. రోగికి గొంతు పోయినప్పుడు పక్కనున్న మనిషే గొంతు కావాలి. గొంతు కావాలంటే, ఆయన మనసులో ఏముందో ముందే తెలిసి ఉండాలి. దాచిపెట్టిన ఇంట్లో ఆ మాట ఎలా అడుగుతాం?

క్యాజువాలిటీకి వెళ్లే ముందు

ఆ రాత్రి చేసిన తప్పులు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు. మీ డాక్టరును అడిగి మీ ఇంటికి తగినట్టు మార్చుకోండి.

1. జబ్బు పేరు, వాడే మందులు, చూసే డాక్టరు ఫోన్ నంబరు ఒక్క కాగితం మీద రాసి ఫైలుతో పాటు తలుపు దగ్గరే ఉంచండి. ఈ జబ్బు రోజూ చూసేది కాదు, డ్యూటీ డాక్టరుకు తెలియకపోతే ఆయన తప్పు కాదు.

2. వెల్లకిలా పడుకోబెట్టొద్దని మొదటి మాటగా చెప్పండి. తల, భుజాలు ఎత్తులో ఉండాలి.

3. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని కదిలించే బలమే ఉండదు. కొలిమి బాగుండి తిత్తి ఊదేవాడు లేనట్టు. లోపలి చెడుగాలి బయటికి పోక మగత వస్తుంది. ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే ఆ మగత ముదిరే ప్రమాదం ఉంది. గాలిని నెట్టే బైపాప్ మిషను కావాలా అని అడగండి. ఇంట్లో మిషను ఉంటే వెంట తీసుకెళ్లండి. నిద్రమందు ఇచ్చే ముందు ఒకసారి గుర్తు చేయండి.

4. మాట పోయింది గానీ వినపడుతుంది, అర్థమవుతుంది అని గట్టిగా చెప్పండి. అవునంటే ఏ సైగ, కాదంటే ఏ సైగ అనేది చూపించండి. అక్షరాల అట్ట మరిచిపోకండి.

5. పొద్దున్నే తలనొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం, పగలు తూగు, తింటుంటే పొలమారడం కనిపిస్తే అర్ధరాత్రి దాకా ఆగొద్దు. పగలే చూపించండి.

6. గొంతులో గొట్టం సంగతి ఇంట్లో తీరిగ్గా, రోగితోనే మాట్లాడండి. ఏ నిర్ణయమైనా ఆయనదే. తర్వాత మార్చుకోవచ్చు కూడా.

బావ డిశ్చార్జి అయి జమ్మలమడుగు వచ్చిన ఆదివారం మేమంతా మంచం చుట్టూ కూర్చున్నాం. అక్క బెంగుళూరులో డాక్టరు చెప్పిందంతా మొదటి నుంచీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఏడ్చింది. బావ కళ్లలోనూ నీళ్లే, కానీ ఆ ముఖం తేలికపడటం మేమందరం చూశాం. రెండేళ్లుగా ఆయనకు తెలిసిన సంగతే ఇది. ఒంటరిగా మోయడమే ఆయనకు బరువైంది.

తర్వాత ఒక్కో ప్రశ్నా అడిగాం. మాస్కు మిషను కావాలన్నారు. మింగలేనప్పుడు కడుపులోకి గొట్టం వేయించమన్నారు. గొంతుకు రంధ్రం, వెంటిలేటర్ వద్దన్నారు. మనవడి అక్షరాభ్యాసం దగ్గర పడితే మళ్లీ అడగమని అట్ట మీద చెప్పి, కళ్లతోనే నవ్వారు. జేన్ చేసినట్టు మేం చేయడం లేదు. ఆయన అడిగినట్టు చేస్తున్నాం.

అక్క కొడుకు అదంతా కాగితం మీద రాశాడు. అక్క బావ వేళ్ల మధ్య పెన్ను పెట్టి, తన చెయ్యి ఆయన చేతి మీద వేసి మెల్లగా కదిలించింది. సంతకం వంకరటింకరగా వచ్చింది. అక్కకు ఎలినార్ సంగతి నేను అప్పటికింకా చెప్పలేదు.

ఆ కాగితం ఇప్పుడు బీరువాలో లేదు. వీధి తలుపు పక్కన, స్కూటరు తాళాలు తగిలించే మేకుకే వేలాడుతోంది.